మాండరినా, కాంటనీసా? హాంకాంగ్ వియ్యాలవారింటికి వెళ్ళే ముందు

తెనాలి దగ్గర ఒక ఊరి నుంచి రిటైరైన లెక్కల టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఆనవాళ్ళు కొన్ని మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఆమె ఒక్కగానొక్క కూతురు ఉద్యోగం మీద హాంకాంగ్ వెళ్ళి, అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. రిజిస్టర్ పెళ్ళి. తల్లిదండ్రులు ఫోన్లోనే చూశారు. ఇంకో ఐదు నెలల్లో దంపతులిద్దరూ మొదటిసారి అక్కడికి వెళ్తున్నారు. మూడు వారాలు కూతురి దగ్గర ఉండి, ఆ తర్వాత పది రోజులు గ్వాంగ్‌జౌ, షియాన్, బీజింగ్ చూసి రావాలని వాళ్ళ ఆలోచన. అల్లుడికీ, వియ్యపురాలికీ ఇంగ్లిష్ వచ్చు. ఆ ఇంట్లోనే అల్లుడి నాయనమ్మ కూడా ఉంటారు. ఎనభై దాటిన మనిషి. అబ్బాయిని చేతుల మీద పెంచింది ఆవిడే. ఆవిడకి "చైనీస్ తప్ప ఇంకేమీ రాదు". వీడియో కాల్ చేసినప్పుడల్లా ఫోను దగ్గరికి వచ్చి ఏదో ఆప్యాయంగా చెబుతారట. ఈమె నవ్వి చెయ్యి ఊపుతారు. అంతకు మించి ఏమీ చేయలేకపోతున్నానని బాధ.

ఏదైనా నేర్చుకుందామంటే ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. చైనాలో అంతటా చెల్లే భాష మాండరిన్, హాంకాంగ్‌లో ఎక్కువమంది మాట్లాడేది కాంటనీస్. భర్త బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. "నేర్చుకుంటే మాండరిన్ నేర్చుకో, వంద కోట్ల మందికి అర్థమయ్యే భాష. కాంటనీస్ దాని యాసేగా, మనకి కోస్తా, తెలంగాణ ఉన్నట్టు" అని ఇద్దరికీ కలిపి ఒక యాప్‌కి ఏడాది చందా కట్టేశారు. కూతురేమో "ఏదీ వద్దమ్మా, ఇక్కడ ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. టోన్లు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుదింపులు, తప్పు పలికితే నవ్వుతారు కూడా" అంటోంది. ఈమె మనసు కాంటనీస్ మీద ఉంది. ఆ మాట బయటపెడితే భర్త "వాళ్ళతో మనకి మాట్లాడేదేముంది, వెళ్ళామా, చూశామా, వచ్చామా" అన్నారట. ఆ రోజు నుంచి ఆమె యాప్ తెరవలేదు. పైగా ఇద్దరూ శాకాహారులు. ఆ సంగతి అక్కడ ఏ భాషలో చెప్పుకోవాలన్నది ఆఖరి ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో భాష గురించి ఒక ప్రశ్న ఉంది. దాని వెనక మీ ఇంటి గురించి ఇంకొకటి ఉంది. భాషది ముందు చూద్దాం, అది తేలితే రెండోది కొంత తేలికవుతుంది.

ఇవి రెండు యాసలు కావు. బీజింగ్ మనిషి మాండరిన్‌లో మాట్లాడితే, అది ఎప్పుడూ వినని కాంటనీస్ మనిషికి అర్థం కాదు. వీటి మధ్య దూరం కోస్తా, తెలంగాణ యాసల మధ్య ఉన్నంత కాదు, తెలుగు, కన్నడల మధ్య ఉన్నంత అనుకోండి. రాసేటప్పుడు మాత్రం ఇద్దరూ దాదాపు ఒకే ప్రామాణిక భాష రాస్తారు. హాంకాంగ్ పిల్లల్లో చాలామంది ఆ రాతనే కాంటనీస్ ఉచ్చారణతో చదువుకుంటారు. మీవారు "యాసేగా" అనుకోవడానికి కారణం బహుశా ఈ రాతే. ఆయన ఒక్కరే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు.

హాంకాంగ్‌లో కాంటనీసే నిలబడడానికి చరిత్రే కారణం. 1842లో హాంకాంగ్ దీవి బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణ తప్పిస్తే 1997 దాకా అక్కడ వాళ్ళ పాలనే. చైనాలో 1956 నుంచి బడుల్లో మాండరిన్ నేర్పించే ఉద్యమం ఊపందుకుంది, 1958లో దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతి వచ్చింది. ఆ అల హాంకాంగ్‌ని తాకలేదు. పక్కనున్న చైనా రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ కాంటనీసే ఇంటి భాష, వీధి భాష, సినిమా భాష అయింది. ఈ రోజుకీ అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రోజూ మాట్లాడేది అదే. 1997 తర్వాత బడుల్లో మాండరిన్ పెరిగింది కాబట్టి పడుచువాళ్ళలో చాలామందికి వస్తుంది. ఎనభై దాటినవాళ్ళ సంగతి వేరు.

అందుకే ఏ పుస్తకం కొనకముందే మీ అల్లుణ్ణి ఒక మాట అడగండి: "మీ నాయనమ్మగారు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" మీరు "చైనీస్" అని రాశారు. ఆ వయసు హాంకాంగ్ వాళ్ళలో ఎంతోమంది, చైనాలో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చిన 1949కి అటూ ఇటూ, ఆ తర్వాత ఇరవై ఏళ్ళలోనూ చైనా నుంచి దాటి వచ్చినవాళ్ళు. వాళ్ళ పుట్టింటి భాష తాయ్‌షాన్ వైపుది కావచ్చు, హక్కా కావచ్చు, తియోచూ కావచ్చు, షాంఘై భాష కావచ్చు. దశాబ్దాలుగా అక్కడే ఉన్నారు కాబట్టి కాంటనీస్ ఆవిడకి వచ్చే ఉంటుంది. అయినా అడగండి. ఆవిడ చిన్నప్పటి భాష వేరేదైతే, అందులో ఒక్క పలకరింపు నేర్చుకుని వెళ్ళండి. అది ఎంత పని చేస్తుందో నేను వేరే ఇళ్ళల్లో కళ్ళారా చూశాను.

ఇక మీ ముందున్న దారులు. ఒక్కొక్కటి ఎక్కడికి తీసుకెళుతుందో చెబుతాను, ఎంచుకోవలసింది మీరు.

మీ అమ్మాయి చెప్పినట్టు ఏమీ నేర్చుకోకుండా వెళ్ళవచ్చు. తను చెప్పింది నిజమే. హాంకాంగ్‌లో ఇంగ్లిష్ కూడా అధికార భాష. మెట్రోలో ప్రకటనలు కాంటనీస్, మాండరిన్, ఇంగ్లిష్ మూడింట్లోనూ వినిపిస్తాయి, బోర్డులన్నీ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. బజారులో ఇబ్బంది పడరు. కానీ ఇంట్లో మూడు వారాలూ మీకూ ఆ పెద్దావిడకీ మధ్య దుబాసీ పని మీ అమ్మాయిదే. భోజనాల దగ్గర ఆవిడ అన్న ప్రతిమాటా ముందు మీ అల్లుడికి, అతని నుంచి మీ అమ్మాయికి, అక్కణ్ణించి మీకు చేరాలి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే పిల్లకి అది చిన్న పని కాదు. తను మీ మీద భారం పడకూడదని వద్దంటోంది, ఆ భారం ఎవరి మీద పడుతుందో బహుశా ఆలోచించలేదు.

నవ్వుతారేమో అన్నది కూడా చెప్పుకోవాలి. నవ్వుతారు. టోను తప్పితే మాట మారిపోతుంది, నవ్వు వస్తుంది. అది ఎగతాళి నవ్వు కాదు. కాంటనీస్ నేర్చుకున్న విదేశీయుల్లో చాలామంది చెప్పే అసలు ఇబ్బంది ఇంకొకటి: మీరు నోరు తెరవగానే అవతలివాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, ఇక అభ్యాసమే దొరకదు. ఆ ఇంట్లో ఇంగ్లిష్‌లోకి మారలేని మనిషి ఒక్క నాయనమ్మే. మీకు అంతకంటే మంచి గురువు దొరకరు.

రెండో దారి మీవారిది, మాండరిన్ మాత్రమే. చైనా ప్రయాణానికి ఇది తిరుగులేనిది. షియాన్, బీజింగ్‌లలో హోటళ్ళు దాటితే ఇంగ్లిష్ తక్కువ, కాంటనీస్ సున్న. గ్వాంగ్‌జౌ కాంటనీస్‌కి పుట్టిల్లే అయినా, దేశం నలుమూలల నుంచి పనికి వచ్చినవాళ్ళతో నిండిన ఊరు కాబట్టి మాండరిన్‌తో బతికేయవచ్చు. హాంకాంగ్ పక్కనున్న షెన్‌జెన్‌లో అయితే వీధుల్లో వినబడేది ఎక్కువగా మాండరినే. నేర్చుకోవడానికి వనరులు కూడా దీనికే ఎక్కువ. టోన్లు నాలుగు, కాంటనీస్‌లో ఆరు. ఇన్ని లాభాలున్నాయి. కానీ మీరు ఎవరికోసం నేర్చుకోవాలనుకున్నారో ఆవిడకి ఇందులో సగమైనా అర్థమవుతుందన్న నమ్మకం లేదు.

ఒక ఉదాహరణ చూడండి. మాండరిన్‌లో నాయనమ్మని "నాయ్ నాయ్" అంటారు. యాప్‌లో అది నేర్చుకుని ఆ ఇంట్లో పిలిచారనుకోండి, కాంటనీస్‌లో "నాయ్ నాయ్" అంటే కోడలికి అత్తగారు, అంటే మీ వియ్యపురాలు. కాంటనీస్‌లో నాయనమ్మ "మా మా". రెండు అక్షరాలూ గొంతు కింది స్థాయిలో దించి పలకాలి. రెండో "మా"ని పై స్థాయిలో నిలబెడితే "అమ్మ" అయిపోతుంది. ఆ ఇంట్లో అబ్బాయికి అమ్మా ఉంది, నాయనమ్మా ఉంది. కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి టోను ఇదే.

మూడో దారి, ఐదు నెలలూ కాంటనీస్. మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్కలోనే చెబుతాను. రోజుకి అరగంట చొప్పున ఐదు నెలలకి సుమారు 75 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి మాండరిన్ అయినా కాంటనీస్ అయినా 2,200 తరగతి గంటలు పడుతుందని లెక్క వేసింది. అంటే ఏది ఎంచుకున్నా మీకు "భాష" రాదు. ఓ అరవై వాక్యాలు వస్తాయి. ఆ అరవై ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారన్నదే ప్రశ్న. వంద కోట్లమందికి అర్థమయ్యే భాష అన్న వాదం ఇక్కడ పనిచేయదు, ఆ వంద కోట్లలో మీరు మాట్లాడబోయేది రైల్వే గుమాస్తాతోనూ హోటల్ పిల్లతోనూ. ఆ నాలుగు మాటలు ఫోను చెప్పగలదు. నాయనమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఫోను అడ్డం.

ఇద్దరూ రెండూ నేర్చుకోవడం మాత్రం వద్దు. ఐదు నెలల్లో రెంటినీ కలిపి మొదలుపెట్టినవాళ్ళకి అంకెల దగ్గరే చిక్కుపడుతుంది, ఒకదాని మాట ఇంకోదాని టోనులో వస్తుంది. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి అయితే ఆ గోల లేదు. నాలుగో దారి అదే. నాకు ఎక్కువ నచ్చినదీ అదే. ఇంట్లో మీరు మాట్లాడతారు, రోడ్డెక్కాక మీవారు మాట్లాడతారు. టికెట్లు, టాక్సీలు, హోటళ్ళు ఆయన బాధ్యత. ఆయన కట్టిన చందా కూడా వృథా పోదు.

ఇక్కడ ఆయన అన్న ఆ మాట దగ్గరికి రావాలి. "వాళ్ళతో మనకి మాట్లాడేదేముంది." మీరు దీన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, కానీ యాప్ మూసేసింది ఆ రోజే. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కూతురి పెళ్ళిలో పీటల మీద కూర్చోవలసిన మనిషి ఫోన్లో చూసి సరిపెట్టుకున్నారు. అల్లుడి ఊరు, ఇల్లు, వాళ్ళ తిండి ఏదీ తెలియదు. తెలియనిచోట మాట్లాడేదేముంది అనుకోవడం కోపం కావచ్చు, బెరుకు కూడా కావచ్చు. బ్యాంకులో ఒక జీవితమంతా నలుగురికీ సమాధానం చెప్పిన మనిషికి, మాట రాని ఇంట్లో మూడు వారాలు ఊరికే కూర్చోవడమంటే భయం వేయదా?

కాబట్టి మీ కాంటనీస్ ఆయనకి జవాబులాగా కనిపించకుండా చూడండి. "మీరు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను" అన్నట్టు ఉంటే ఆయన ఇంకా బిగుసుకుంటారు. మాండరిన్ ఆయనకి అప్పగించడం సర్దుబాటు కోసం చెబుతున్నది కాదు, షియాన్‌లో మీకు అది నిజంగా అవసరం. ఆయన యాప్ మీద రోజూ కూర్చుంటుంటే మీరు మీ పాఠం పక్కనే చదువుకోండి. ఆయనకి ఆ ఇంట్లోనూ ఒక చిన్న పని మిగల్చండి. హాంకాంగ్ వాళ్ళు ఆదివారం కుటుంబమంతా కలిసి "యమ్ ఛా"కి, అంటే టీ తాగుతూ చిన్నచిన్న పదార్థాలు తినడానికి, హోటలుకి వెళ్తారు. అక్కడ ఎవరి కప్పు వాళ్ళు నింపుకోరు, ముందు పెద్దవాళ్ళకి పోస్తారు. పోయించుకున్నవాళ్ళు రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తడితే అది కృతజ్ఞత. మీవారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. నాయనమ్మగారి కప్పులో టీ పోయడానికి ఏ భాషా అక్కర్లేదు. ఆయన పోస్తారో లేదో ఆయన ఇష్టం, మీరు మోచేత్తో పొడవకండి.

ఆయన ఈ ఏర్పాటుకీ ఒప్పుకోకపోతే? అప్పుడు మీరు కాంటనీస్ ఒక్కటే నేర్చుకోండి, చైనాలో పది రోజులకి గైడుని పెట్టుకోండి. డబ్బు ఎక్కువవుతుంది, ఊళ్ళు మీ ఇష్టం వచ్చినట్టు తిరగలేరు, అయినా బండి నడుస్తుంది. లేదా ఆయన మాట మీదే ఇద్దరూ మాండరిన్ నేర్చుకుంటే ఇంట్లో శాంతి ఉంటుంది, మీకు ఆ నాయనమ్మ దగ్గర మళ్ళీ చెయ్యి ఊపడమే మిగులుతుంది. ఏది ఓర్చుకోగలరో మీకే తెలుసు.

కాంటనీస్ వైపు మొగ్గితే ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. పుస్తకం కంటే ముందు మీ అల్లుణ్ణి అడగండి. హాంకాంగ్ వాళ్ళు వాట్సాప్ బాగా వాడతారు. "నాయనమ్మగారితో చెప్పడానికి ఇరవై వాక్యాలు నీ గొంతుతో పంపు బాబూ" అని ఇంగ్లిష్‌లో రాయండి. ఇంతవరకు మీ ఇద్దరి మధ్య క్షేమ సమాచారాలు తప్ప మాటలు లేవని రాశారు. ఇకనుంచి రోజూ ఒక మాట ఉంటుంది. వియ్యపురాలిని ఏమని పిలిస్తే బాగుంటుందో కూడా ఆ అబ్బాయినే అడగండి, ఇళ్ళని బట్టి అది మారుతుంది.

పుస్తకం కొంటే "జ్యుత్‌పింగ్" పద్ధతిలో, అంటే కాంటనీస్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, ఉన్నది తీసుకోండి. 1993లో హాంకాంగ్ భాషా శాస్త్రవేత్తల సంఘం తయారుచేసింది. ప్రతి మాట చివరా ఒకటి నుంచి ఆరు వరకు ఒక అంకె ఉంటుంది, అదే టోను. మీకు ఇది ఇష్టంగా ఉంటుందని నా నమ్మకం. అక్షరాల జోలికి ఇప్పుడు వెళ్ళకండి. హాంకాంగ్‌లో పాత సంపూర్ణ లిపి, చైనాలో సరళీకరించిన లిపి, రెండింటికీ ఐదు నెలలు చాలవు.

ఉచ్చారణలో మనకి కొంత కలిసొస్తుంది, ఇంగ్లిష్ పుస్తకాలు ఆ సంగతి చెప్పవు. "నేను" అనడానికి కాంటనీస్‌లో "ఙో" అంటారు. ఇంగ్లిష్ వాళ్ళు ఆ మొదటి శబ్దం దగ్గర తంటాలు పడతారు, మనకి అక్షరమాలలోనే ఉంది. "చాప", "చుక్క" అనేటప్పుడు వచ్చే దంత్య చకారం కూడా వాళ్ళ భాషలో అడుగడుగునా వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో బి, డి, జి అని రాసినవి మన బ, ద, గ కావు. ప, త, క అని పలకండి. పి, టి, కె అని రాసినవాటిని గాలి వదిలి, ఒత్తు ప, ఒత్తు త, ఒత్తు కలాగా పలకండి. మాండరిన్ పిన్‌యిన్‌కీ ఇదే సూత్రం, మీవారికి చెప్పండి.

మొదటి వాక్యం "సిక్ చో ఫాన్ మేయ్ ఆ?" "అన్నం తిన్నారా?" అని. అక్కడి పెద్దవాళ్ళు మనలాగే దీన్ని పలకరింపుగా వాడతారు. వీడియో కాల్‌లో ఆవిడ మీతో అనేది ఇదే అయినా నేను ఆశ్చర్యపోను. తర్వాత "హోఉ సిక్", రుచిగా ఉందని. ఎవరైనా సాయం చేస్తే "మ్ కోయ్", బహుమతి ఇస్తే "తో చే", ఈ రెండు కృతజ్ఞతల్నీ కలపకండి. "ఙో పావ్ లా" అంటే నాకు కడుపు నిండింది. ఇది బాగా సాధన చేయండి, పెద్దావిడ పక్కన కూర్చుంటే చాలాసార్లు అవసరం పడుతుంది. తెలుగు అక్షరాల్లో రాసినవి జ్ఞాపకానికే, టోన్లు అబ్బాయి గొంతు విని పట్టుకోవలసిందే.

బయలుదేరేదాకా ఆగకండి. రెండో నెలలోనే ఒక కాల్‌లో ఆ మొదటి వాక్యం అనండి. ఆవిడ అర్థం చేసుకుంటే మీకు ధైర్యం వస్తుంది, అర్థం కాకపోతే సరిచేసుకోవడానికి ఇంకా మూడు నెలలుంటాయి.

చైనా వైపు రెండు జాగ్రత్తలు. అక్కడి నెట్‌లో వాట్సాప్, గూగుల్ పనిచేయవు. హాంకాంగ్ సిమ్ రోమింగ్‌లో ఉంటే సాధారణంగా పనిచేస్తాయి. అనువాద యాప్‌లో చైనీస్‌ని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. గూగుల్ అనువాదంలోకి కాంటనీస్ 2024లో వచ్చింది, హాంకాంగ్‌లో అదీ కొంత ఆసరా.

ఇక తిండి. దీన్ని నోటిమాటకి వదిలేయకండి. మాంసం వద్దంటే ఆకుకూర తెస్తారు, దాని మీద ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోసి. కూరగాయల పులుసు అంటారు, కోడి రసంలో కాచినది. పిండివంటల్లో పందికొవ్వు ఉండవచ్చు. ఇవన్నీ వద్దని, గుడ్డు మీరు తింటారో లేదో కూడా కలిపి, మీ అల్లుడితో ఒక కార్డు రాయించుకోండి. ఒకవైపు పాత లిపి, రెండోవైపు సరళ లిపి. చెప్పానుగా, లిపి వేరైనా రాసే భాష ఇద్దరికీ దాదాపు ఒకటే, కాబట్టి హాంకాంగ్ నుంచి బీజింగ్ దాకా ఆ ఒక్క కార్డు పనికొస్తుంది. నోటితో చెప్పాలంటే హాంకాంగ్‌లో మీరు "ఙో సిక్ చాయ్" అనండి, షియాన్‌లో మీవారు "వో ఛి సూ" అంటారు. కాంటనీస్‌లో "చాయ్" అంటే బౌద్ధుల శాకాహారం, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండని భోజనం. లాంటావ్ దీవిలో పో లిన్ మఠంలోనూ, డైమండ్ హిల్ దగ్గర చీ లిన్ సన్యాసినుల మఠం పక్క తోటలోనూ అలాంటి భోజనం దొరుకుతుంది. కార్డు అక్కర్లేకుండా అందరూ ఒకే బల్ల దగ్గర తినగలిగే చోట్లవి. నాయనమ్మగారు నడవగలిగితే ఆవిడని కూడా అక్కడికి తీసుకెళదామని మీ అమ్మాయితో చెప్పండి.